వెబ్ వ్యాసానికి వెల కట్టేదెవరు?

వెబ్‌సైట్లకు వ్యాసాలు రాస్తే డబ్బులొస్తాయా అంటే, వస్తాయి. వాటితో ఇల్లు గడుస్తుందా అంటే, తెలుగులో రాసేవాళ్లలో అలా గడుపుకుంటున్నవాళ్లు బహు తక్కువ. మొదటి జవాబుతో ఆశపెట్టే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. రెండో జవాబు చెప్పి పిల్లల్ని వెనక్కి లాగే పెద్దలూ ఉన్నారు. రెండూ నిజాలే కాబట్టి, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో, మధ్యలో ఎవరి దగ్గర ఆగిపోతోందో చూడాలి. వ్యాసానికి సొమ్ము ముగ్గురి నుంచి రాగలదు. పేజీ మీద ప్రకటన వేసుకునేవాడు ఒకడు, చదివేవాడు ఒకడు, ఆ వ్యాసం చూపించి సరుకో సేవో అమ్ముకునే కంపెనీ ఒకటి. రాసే మనిషి వీళ్లలో ఎవరి మీద ఆధారపడ్డాడన్న దాన్ని బట్టే అతని రేటు, అతని పేరు, చివరికి అతను రాసే విషయం కూడా నిర్ణయమవుతున్నాయి.

అచ్చు పత్రికల రోజుల్లో ఇంత చిక్కు లేదు. వారపత్రిక కథ వేసుకుంటే పారితోషికం మనియార్డరుగా వచ్చేది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక, మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ల పద్ధతి ఊరూరా పాకింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. కంట్రిబ్యూటరుకు జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన మేర కొలిచి లెక్క కడతారు. ఆ మొత్తం ఎప్పుడూ చాలేది కాదు. చాలకపోవడం వల్ల విలేకరితనంలోకి వచ్చిన చెడుగు గురించి మన పత్రికా రంగంలో అందరికీ తెలుసు. అయినా రాసినదానికి ఒక కొలత ఉండేది, ఆ కొలత ఎంతో రాసేవాడికి ముందే తెలిసేది. వెబ్ రాకతో మొదట పోయింది ఆ కొలతే.

తెలుగు నెట్‌లోకి వచ్చింది డబ్బుతో కాదు, ప్రేమతో. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ఈమాట వెబ్ పత్రిక స్వచ్ఛందంగా నడిచింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. 2006లో వీవెన్ లేఖిని అనే సాధనాన్ని తయారుచేసి ఇచ్చాక, ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం వచ్చినవాళ్లంతా బ్లాగులు తెరిచారు. వంటలు, వ్యాకరణం, సినిమా పాటలు, ఊరి జ్ఞాపకాలు, పుస్తక సమీక్షలు అన్నీ ఉచితంగానే పోగయ్యాయి. ఆ శ్రమ లేకపోతే ఇవాళ నెట్‌లో తెలుగు ఇంత ఉండేది కాదు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ తెలుగు రాత అంటే ఊరికే దొరుకుతుందన్న అలవాటు కూడా ఆ దశలోనే స్థిరపడింది. ఆదాయం లేని సాహిత్య పత్రిక రచయితను ఉచితంగా రాయమని అడగడం ఒకటి, పేజీకి అరడజను ప్రకటనలు పెట్టుకున్న సైటు అదే అడగడం మరొకటి. ఈ తేడాను మనవాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు.

ఇదే కథ అమెరికాలో ఇంకా పెద్దఎత్తున నడిచింది, దాని ముగింపు కూడా మనకు తెలుసు. 2006లో స్థాపించిన డిమాండ్ మీడియా అనే కంపెనీ, జనం గూగుల్‌లో ఏం వెతుకుతున్నారో లెక్కగట్టి, ఆ ప్రశ్నలకు జవాబులుగా ఈహౌ వంటి తన సైట్లకు వేలకొద్దీ వ్యాసాలు రాయించేది. వ్యాసానికి మామూలుగా 15 డాలర్లు ఇచ్చేది. 2011 జనవరిలో షేర్ మార్కెట్లోకి వచ్చిన తొలి రోజే ఆ కంపెనీ విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీ విలువను దాటింది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరిలో, గూగుల్ పాండా అనే మార్పు తెచ్చింది. పస లేని పేజీలను కిందికి నెట్టే ఆ మార్పు అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలను తారుమారు చేసింది. అలాంటిదే అసోసియేటెడ్ కంటెంట్. యాహూ దాన్ని 2010లో కొని, పేరు మార్చి, 2014లో మూసేసింది. అదే కోవలోని ఎగ్జామినర్ సైటు 2016లో మూతపడింది. ఈ సైట్లకు రాసినవాళ్లలో గృహిణులు, నిరుద్యోగులు, రిటైరైనవాళ్లు ఉన్నారు. వాళ్ల ఆదాయం ఒక్కసారిగా ఆగిపోవడానికి కారణం వాళ్లు చెడ్డగా రాయడం కాదు. వాళ్ల రాతకు వెల కట్టింది పాఠకుడు కాకపోవడం. వెతుకుడు యంత్రం లెక్క మారితే మాయమైపోయే డబ్బు మీద వాళ్ల పని నిలబడింది.

హఫింగ్టన్ పోస్ట్ అనే వార్తల సైటు మరో దారి చూపించింది. వేలమంది బ్లాగర్లు ఉచితంగా రాశారు, 2011 ఫిబ్రవరిలో ఏఓఎల్ ఆ సంస్థను 31.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ సొమ్ములో మాకూ వాటా ఉందంటూ జొనాథన్ తాసిని అనే రచయిత మిగతా బ్లాగర్ల తరఫున 10.5 కోట్ల డాలర్లకు దావా వేశారు. 2012లో కోర్టు కొట్టేసింది. డబ్బు ఇవ్వమని తెలిసే రాశారు కదా, ఇప్పుడెలా అడుగుతారన్నది తీర్పు సారం. న్యాయంగా చూస్తే కష్టంగా ఉన్నా, చట్టంగా చూస్తే అది తప్పని అనలేం. రాసే ముందు అడగనిదాన్ని రాశాక ఏ కోర్టూ ఇప్పించదని ఈ కేసు చెప్పింది. ఆ సైటు ఉచిత బ్లాగర్ల వేదికను 2018 జనవరిలో మూసేసింది.

ఈ తాసినే అంతకు పదేళ్ల ముందు ఒక పెద్ద కేసు గెలిచారు. పత్రికలు అచ్చు కోసం కొన్న ఫ్రీలాన్స్ వ్యాసాలను అడక్కుండా కంప్యూటర్ డేటాబేస్‌లలో అమ్ముకుంటున్నాయని న్యూయార్క్ టైమ్స్ తదితరుల మీద వేసిన దావాలో, 2001లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో రచయితల పక్షాన తీర్పిచ్చింది. అచ్చు హక్కు వేరు, ఎలక్ట్రానిక్ హక్కు వేరు అని తేల్చింది. ఆ రెండు తీర్పులను పక్కపక్కన పెడితే కనిపించేది ఒకటే. హక్కు చేతిలో ఉంచుకున్నవాళ్లు గెలిచారు, ముందే వదులుకున్నవాళ్లు ఓడారు.

ఇక మన సంగతి. సైట్లలో ప్రకటనలు వేసి వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. హిందీకి 2014లోనే చోటిచ్చింది, తెలుగుకు 2018 దాకా ఇవ్వలేదు. అంటే పదిహేనేళ్లపాటు తెలుగు పేజీ మీద ఆ ప్రకటనలకు అధికారికంగా వీలే లేదు. జీవి 1999లో మొదలుపెట్టిన ఐడిల్‌బ్రెయిన్ తెలుగు సినిమా గురించి ఇంగ్లిషులో రాయడం, తర్వాత వచ్చిన సినిమా సైట్లు చాలావరకు ఇంగ్లిషు పేజీనే ముందు పెట్టుకోవడం వెనక అమెరికా పాఠకులతో పాటు ఈ లెక్క కూడా ఉందని నా అభిప్రాయం. ఆ అటూఇటూగా తెలుగు సైట్లు పెరిగాయి. బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది, ఈటీవీ భారత్ 2019లో వచ్చింది, పెద్ద పత్రికలూ చానళ్లూ వెబ్ డెస్కులు పెట్టుకున్నాయి. వీటిలో ఎక్కువ పని జీతం మీద జరిగేదే. ఫ్రీలాన్సర్‌కు దొరికేది అంచుల్లో ఉన్న పని. బీబీసీ తెలుగులో రచయిత పేరు కింద ‘బీబీసీ కోసం’ అని కనిపిస్తుందే, అలా జిల్లాల నుంచి స్టోరీకి ఇంత అని రాసేవాళ్ల పని మంచి నమూనా. అలా రాయించుకునే చోట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మిగతా సైట్ల లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక తెలుగు పేజీకి వెయ్యి వీక్షణలకు అర డాలరు వస్తుందనుకుందాం. వ్యాసాన్ని పదివేలమంది చదివితే సైటుకు వచ్చేది ఐదు డాలర్లు, నాలుగు వందల రూపాయల పైచిలుకు. చేనేత సొసైటీల అప్పుల మీద మూడు రోజులు తిరిగి రాసిన వ్యాసమైనా, హీరోయిన్ చీర మీద పది నిమిషాల్లో రాసిన ముక్క అయినా లెక్క అదే. పైగా రెండోది లక్షమంది చదువుతారు. అందుకే చాలా సైట్లు వ్యాసానికి రెండు మూడు వందలకు మించి ఇవ్వవు, శీర్షికలో ఆశపెట్టి లోపల ఏమీ లేని ముక్కలను రోజుకు పది రాయమంటాయి. ఆ యజమానులంతా దుర్మార్గులని నేను అనను. ప్రకటన మీద మాత్రమే బతికే తెలుగు సైటుకు మంచి వ్యాసం నష్టమే. అందువల్ల ప్రకటన డబ్బుతో తెలుగు ఫ్రీలాన్సర్ బతకగలడన్న ఆశను వదిలేయడం మేలు.

రేటు విషయంలో మన భాషకు ప్రత్యేకంగా జరిగే అన్యాయం ఒకటుంది, దాన్ని ఎవరూ గట్టిగా అడగడం లేదు. పదానికి ఇంత అన్న లెక్క ఇంగ్లిషు నుంచి వచ్చింది. ఇంగ్లిషులో విడివిడిగా ఉండే చిన్న చిన్న పదాలు తెలుగులో విభక్తులుగా, ప్రత్యయాలుగా మాటకు అతుక్కుపోతాయి. ‘ఇంట్లోంచి’ అనేది మనకు ఒక పదం, వాళ్లకు మూడు. కాబట్టి వెయ్యి పదాల ఇంగ్లిషు వ్యాసంలో ఉన్నంత సరుకు తెలుగులో అంతకంటే చాలా తక్కువ పదాల్లో ఇమిడిపోతుంది. అదే శ్రమకు, అదే రేటుకు తెలుగు రచయితకు తక్కువ డబ్బు వస్తుంది. అనువాదంలో పేరున్న సంస్థలు మూలంలోని పదాలను లెక్కిస్తాయి, అది సరైన పద్ధతి. సొంత వ్యాసానికి పదాల లెక్క ఒప్పుకోకూడదు. వ్యాసానికి ఇంత అనో, రోజు పనికి ఇంత అనో మాట్లాడుకోవాలి. కంటెంట్ ఏజెన్సీలు పదానికి 20, 30 పైసలు ఇస్తామనడం మామూలు. 30 పైసల చొప్పున 500 పదాలకు వచ్చేది 150 రూపాయలు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. చదివి, విచారించి, రాసి, దిద్దడానికి రోజంతా పట్టే వ్యాసానికి అందులో సగం కూడా రావడం లేదు.

డబ్బు మెరుగ్గా ఉన్నది మూడో దారిలో, అంటే కంపెనీల కోసం రాయడంలో. ఆస్పత్రులు, బీమా కంపెనీలు, బ్యాంకులు, విత్తనాల సంస్థలు, చదువుల యాప్‌లు తమ సైట్లలో తెలుగు పేజీలు పెడుతున్నాయి. కేపీఎంజీ, గూగుల్ కలిసి 2017లో ఇచ్చిన నివేదిక భారతీయ భాషల్లో నెట్ వాడేవాళ్లు 2016లో 23.4 కోట్లు ఉన్నారని, 2021కి 53.6 కోట్లు అవుతారని చెప్పాక ఈ గిరాకీ పెరిగింది. ఇక్కడ రచయిత పేరు ఉండదు, విమర్శకు చోటుండదు, అమ్మకానికి అడ్డొచ్చే మాట రాయడానికి వీల్లేదు. అయినా మధుమేహం గురించి, పంట బీమా గురించి, వీలునామా గురించి సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో రాయగలిగినవాళ్లకు ఇక్కడ గౌరవమైన రేటు దొరుకుతోంది. ఎందుకంటే అలా రాయగలిగినవాళ్లు తక్కువ. నర్సుగా పనిచేసిన మనిషి, కోర్టు వ్యవహారాలు తెలిసిన గుమాస్తా, వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్లు భాష మీద కాస్త శ్రద్ధ పెడితే, అన్ని విషయాల మీదా రాసే రచయిత కంటే ముందుంటారు. ఇంగ్లిషు బాగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు విదేశీ సాంకేతిక సైట్లకు పాఠాలు రాసి సంపాదించడం కూడా ఈ కోవలోదే. అప్‌వర్క్, ఫైవర్ వంటి వేదికలు అందుకు దారి. కమీషన్ మాత్రం లెక్కలో వేసుకోవాలి, ఫైవర్ ప్రతి ఆర్డరు మీదా 20 శాతం కోసుకుంటుంది.

పాఠకుడే డబ్బిచ్చే దారి తెలుగు వ్యాసానికి ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. కథలకు కొంత తెరుచుకుంది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో సీరియళ్ల భాగాలను పాఠకులు నాణేలు, చందాలు చెల్లించి చదువుతున్నారు, అందులో రచయితకు వాటా వస్తోంది.

చట్టం ఏమంటుందో తెలియక పోగొట్టుకునేది కూడా తక్కువేం కాదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి కాని రచయితే తన వ్యాసానికి తొలి హక్కుదారు. 19వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు బదిలీ కావాలంటే రచయిత సంతకంతో రాతపూర్వకంగా జరగాలి. ఎంతకాలానికో రాసుకోకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడికో రాసుకోకపోతే భారతదేశం వరకే అని భావించాలి. వాట్సాప్‌లో ఫైలు పంపినంత మాత్రాన వ్యాసం సైటు సొంతమైపోదు. పైగా 2012 సవరణ ప్రకారం, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి అందులో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప హక్కు బదిలీ కాదు. 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసుకున్నాక కూడా, ఇది నేను రాసిందేనని చెప్పుకునే హక్కు, పరువుకు భంగం కలిగేలా రాతను మార్చితే అడ్డుకునే హక్కు రచయితకు ఉంటాయి.

బాకీల విషయంలో 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం పనికొస్తుంది. సేవలు అమ్మే ఒంటరి మనిషి కూడా 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు కావచ్చు. పని మొదలుపెట్టక ముందే నమోదు చేసుకోవడం క్షేమం. ఆ తర్వాత కొనుగోలుదారు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. దీన్ని వాడుకున్న తెలుగు రచయిత నాకు ఇంకా తారసపడలేదు. ఐదువేల బాకీ కోసం అంత దూరం ఎందుకనుకుంటారు. ఆ చట్టం పేరు రాసి ఒక మర్యాదైన ఉత్తరం పంపి చూడాలి.

పన్ను సంగతి చెప్పాలంటే, వృత్తి సేవల కింద ఒక సంస్థ ఏడాదికి 50 వేలకు మించి చెల్లిస్తే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. ఈ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి ఉంది, అంతకు ముందు 30 వేలు. మొత్తం ఆదాయం పన్ను పడేంత లేనివాళ్లు రిటర్న్ వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది, వేయకపోతే పోతుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ గురించి మన రచయితల్లో చర్చే లేదు. గిగ్ పనివాళ్ల సంక్షేమ నిధికి చందా కట్టాల్సిన సంస్థల జాబితాలో క్యాబ్‌లు, ఆహారం చేరవేసే యాప్‌లతో పాటు కంటెంట్, మీడియా సేవల వేదికలు కూడా ఉన్నాయి. వెబ్‌కు రాసేవాళ్లు తమనూ అందులో లెక్కించమని ఇప్పుడే అడగాలి. అయితే చట్టం చేసేటప్పుడు జాగ్రత్తలూ కావాలి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి అమలైన చట్టం ఒక సంస్థకు ఏడాదిలో 35 రచనలు మించితే ఆ రచయితను ఉద్యోగిగా చూడాలంది. అమలుకు ముందే వాక్స్ మీడియా అక్కడి సుమారు 200 మంది ఫ్రీలాన్సర్ల ఒప్పందాలను ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ పరిమితి ఎత్తేశారు. న్యూయార్క్ నగరం 2017లో తెచ్చిన పద్ధతి మెరుగైనది. 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం, గడువు రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లింపు. మనకు కావలసింది ఇలాంటి చిన్న, స్పష్టమైన నిబంధన.

కృత్రిమ మేధ ఈ రంగాన్ని తినేస్తుందా అన్నది ఇప్పుడు అందరూ అడిగేది. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా విశ్వవిద్యాలయాల్లోని ముగ్గురు పరిశోధకులు అప్‌వర్క్‌లో రాత పనులు చేసేవాళ్ల వివరాలు పరిశీలించి, వాళ్ల నెల పనులు 2 శాతం, నెల ఆదాయం 5.2 శాతం తగ్గాయని తేల్చారు. అది తొలి నెలల లెక్క. 2024 ఆగస్టులో గూగుల్ మన దేశంలో ఇంగ్లిషు, హిందీల్లో యంత్రం రాసిన జవాబును ఫలితాల పైన చూపించడం మొదలుపెట్టింది. జవాబు అక్కడే దొరికితే సైటులోకి వచ్చేవాడు తగ్గుతాడు, ప్రకటన డబ్బూ తగ్గుతుంది. మరోపక్క, సాంకేతిక వార్తల సైటు సీనెట్ యంత్రంతో రాయించిన 77 వ్యాసాల్లో 41కి 2023లో దిద్దుబాట్లు వేసుకోవాల్సి వచ్చింది. తెలుగులో ఈ దెబ్బ మొదట తగిలేది ఇంగ్లిషు వార్తను తిరగరాసే పనికి, రాశిఫలాల నుంచి చిట్కాల దాకా అందరూ రాసేదాన్నే మళ్లీ రాసే పనికి. ఊళ్లోకి వెళ్లి మనుషులతో మాట్లాడి తెచ్చే వ్యాసానికి కాదు. కాకపోతే ఆ వ్యాసానికి ఇప్పటికే డబ్బు లేదు, కాబట్టి అది యంత్రం వల్ల కాకుండా మన పిసినారితనం వల్లే పోయే ప్రమాదం ఉంది.

మోసాల గురించి ఒక్క మాట. రాసే పని ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లు, కాపీ పని ఇచ్చి తప్పులున్నాయని లాయరు నోటీసు పంపి బెదిరించేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బు అడిగే ఉద్యోగం ఉద్యోగం కాదు. మోసపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

కూలి మాట్లాడుకోకుండా ఎవరూ నాట్లకు దిగరు. వ్యాసం రాసేవాళ్లు మాత్రం రేటు అడిగితే అమర్యాద అవుతుందేమోనని సంకోచిస్తున్నారు, సైట్లు ఆ సంకోచం మీద నడుస్తున్నాయి. తెలుగు వెబ్‌సైట్లు నడిపే సంపాదకులకు, యజమానులకు నా విన్నపం ఇదే. ‘రచనలు పంపండి’ అని ఉన్న పేజీలోనే మీరు ఎంత ఇస్తారో, ఎన్నాళ్లకు ఇస్తారో, ఏ హక్కులు తీసుకుంటారో కూడా రాయండి. ఏమీ ఇవ్వలేకపోతే ఆ మాటే రాయండి. రచయితలు ఆ పేజీ చదివాకే రాయడం మొదలుపెట్టాలి.